కాలు తగిలింది

ఫుట్‌బాల్ అంటే కాళ్ళాట. కాలు తగలకుండా ఆ ఆట ఆడటం కుదరదు. బంతికి తగలాలి, ఒక్కోసారి ఎదుటివాడి కాలికీ తగులుద్ది. తప్పయితే రిఫరీ ఈల వేస్తాడు, కాకపోతే ఆట సాగుద్ది. కిందపడ్డవాడు లేచి, దుమ్ము దులుపుకుని మళ్ళీ పరిగెత్తుతాడు. మామూలుగా అయితే కథ అంతే.

ఇంత చిన్న సంగతిని ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, మాది చుండూరు చుట్టుపక్కల నేల. 1991లో ఒక సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలింది. ఆ తగిలిన కాలు దగ్గర మొదలై సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న మా వాళ్ళని ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేసేదాకా పోయింది. అప్పటికి నేను చంకపిల్లోణ్ణి. మా అమ్మ నాకు నడక నేర్పిన చేత్తోనే కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోవడం నేర్పింది. బస్సులోనైనా, హోటల్లోనైనా, సినిమాకెళ్ళినా "కాళ్ళు ముడుచుకోరా అయ్యా" అనేది. మా ఇళ్ళల్లో అఆల కంటే ముందు నేర్చిన పాఠం అది.

ఆ కాళ్ళు చాచింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. మేం ముగ్గురం. ఒకడు తెనాలి వాడు, ఒకడు బాపట్ల వాడు, నేను రేపల్లె వాణ్ణి. ఊళ్ళో క్రికెట్ ఆడేచోట బ్యాటు ఎవడిదైతే వాడిదే మొదటి బ్యాటింగు. మాకు బ్యాటు లేదు గనక కంపచెట్లల్లో బంతి వెతికే పని ఎప్పుడూ మాదే. ఆ క్రికెట్లోనే, పూనాలో, చర్మకార కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ వందేళ్ళ కిందట ఎంత గొప్ప బౌలరో తర్వాత చదివాను. ఆయన పట్టుకున్న బంతిని జట్టంతా పట్టుకునేది. టీ మాత్రం ఆయనకి బయట, మట్టి ముంతలో పోసేవాళ్ళు.

హాస్టల్‌కి ఒక ఫుట్‌బాల్ ఇచ్చారు. బంతి ఒకటే, కాళ్ళు అందరికీ ఉన్నాయి. బూట్లు లేవు, ఉత్తకాళ్ళతోనే ఆడాం. చిల్లుపడితే సైకిల్ షాపులో ప్యాచీ వేయించి మళ్ళీ ఆడాం.

పిచ్చి పట్టాక మనదనుకునే జట్టొకటి కావాలనిపించింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కలకత్తా వాళ్ళవి. హైదరాబాద్ ఘనత లైబ్రరీలో చదువుకున్నాం. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకి నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1963లో ఆయన పోయాడు. మేం పుట్టేనాటికి ఆ వైభవమంతా పాత ఫొటోల్లోనే మిగిలింది.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. గచ్చిబౌలిలో దాని సొంత మైదానం పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. కోనసీమ నుంచి వెళ్ళి లోక్‌సభకి తొలి దళిత స్పీకరైన మనిషి పేరు. మా పేటల్లో అంబేడ్కర్ బొమ్మ నిలబెట్టుకోవాలంటేనే గొడవలయ్యే రాష్ట్రంలో అంత పెద్ద మైదానానికి మా మనిషి పేరు! ఆ జట్టుని పట్టుకోడానికి మాకు అంతకంటే కారణం అక్కర్లేకపోయింది. మొదటి సీజన్లో 18 మ్యాచులాడి రెండే గెలిచి అట్టడుగున పడింది. "అడుగునుండటం మనకి అలవాటేగదరా, చూద్దాం" అన్నాడు బాపట్ల వాడు.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఎదురు కేరళ బ్లాస్టర్స్. తెనాలి వాడి మెకానిక్ షెడ్డులో చాప ఒకటి, ఫోను ఒకటి, ముగ్గురం. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. గోలు కొట్టాడు, కేరళ పైకెళ్ళింది. నిమిషాలు కరిగిపోతన్నయ్. తెనాలి వాడు చూడలేక లేచి స్పానర్లు సర్దటం మొదలెట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా వచ్చిన బంతిని వచ్చినట్టే కాలెత్తి కొట్టాడు. గోలు! స్పానర్ల పెట్టె బోర్లాపడింది. అదనపు సమయంలో ఎవరూ కొట్టలా. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. అస్సాం కుర్రాడు హలిచరణ్ నర్జారీ కొట్టిన దెబ్బతో 3-1. మూడేళ్ళ కిందట పుట్టి, మొదటేడు అడుగున పడ్డ జట్టు ఛాంపియన్ అయింది. ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. ఎవడి కాలు ఎవడి మీదుందో తెలియలా, ఎవడూ చూసుకోలా.

ఆ రాత్రి నిద్ర లేదు. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలు దారిలో చుండూరు ఉంది. మా మాటల దారిలోనూ ఉంది. పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. "అది ఆఖరి ఈల కాదురా. 88వ నిమిషం ఒకటుంటది" అన్నాడు బాపట్ల వాడు. నేను ఒప్పుకోలా. ఆటలో గడియారం ఇద్దరికీ ఒకటే. ఇక్కడ గడియారం వాళ్ళ గోడకుంది. వాదన తెల్లారేదాకా తెగలా. ఇప్పటికీ ముగ్గురం కలిస్తే ఆ గోలు దగ్గర మొదలై ఈ వాదన దగ్గరికే చేరతాం.

రెండు వారాలకి, ఏప్రిల్ 4న, బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులో కలిసింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు రెండూ కొత్త జిల్లాలోకే వచ్చాయి. జిల్లా కొత్తదేగానీ నేల పాతదే.

ఆ గెలుపు ఊపులో నేను పనిచేసే బడికి జీతం డబ్బుల్తో ఒక ఫుట్‌బాల్ కొన్నాను. ఊరి పిల్లలూ పల్లె పిల్లలూ కలిసి ఆడారు. వారం తిరక్కముందే ఒక తండ్రి వచ్చాడు. "ఏం మాస్టారూ, మావాణ్ణి ఆ పల్లె పిల్లోడు కాలుతో తన్నాడంట. ఈ కాళ్ళాటలెందుకు? క్రికెట్ ఆడించుకోండి" అన్నాడు. ఆ 'కాలుతో' అన్న మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా అమ్మ గొంతు చెవిలో మోగింది. కాళ్ళు మాత్రం ముడుచుకోలేదు. "తన్నింది బంతినండీ. కాలు తగిలితే ఈల వేశాను, మీవాడికి ఫ్రీ కిక్ ఇచ్చాను. అక్కడితో అయిపోయింది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

కాలు తగిలినందుకు మనుషుల్ని చంపిన నేల ఇది. అక్కడ పిల్లలకి 'తగిలితే ఈల, అంతే' అని నేర్పటం ఆటలో పాఠం ఒక్కటే కాదు. రాజ్యాంగంలో పాఠం కూడా.

హైదరాబాద్ క్లబ్బు తర్వాత డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. క్లబ్బు డబ్బున్నోళ్ళది, ఎక్కడికైనా పోద్ది. ఆ గెలుపు మాత్రం తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనే ఉంది, ఎవరూ మోసుకుపోలేరు.

ఆ తండ్రి వచ్చిపోయిన మర్నాడు ఇద్దరు పిల్లలు ఆటకి రాలేదు. నాలుగో రోజు ఒకడొచ్చాడు. రెండోవాడు గట్టు మీద కూర్చుని చూస్తా ఉంటాడు. సాయంత్రం ఎప్పుడో ఒకప్పుడు బంతి వాడి దాకా దొర్లుద్ది. చేత్తో తీసి విసురుతున్నాడు. వాడు కాలితో తన్నే రోజు కోసం చూస్తన్నా.