కట్టె మడమ తుపాకి

మా ఇంట్లో తుపాకి ఎన్నడూ లేదు. అయినా ఉందేమోనని మా ఇల్లు వెతికారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయిన కొద్దిరోజులకే యూనిఫాంవాళ్లు వచ్చి, పాకాల దగ్గరి మా ఊళ్లో సాయిబుల ఇళ్లన్నీ తిరగేశారట. మా దాదా ఇంట్లో దొరికినవి ఒక కత్తి, సొట్టలుపోయిన ఒక నూనె డబ్బా. కత్తి తీసుకుపోయారు. డబ్బా వదిలేశారు. ఆ రెండూ దాదా పని సామాన్లే.

దాదా హాంకాకు పోయేవాడు. హాంకా అంటే ఇప్పటివాళ్లకు చెప్పాలి. దొరలు, జాగీర్దార్లు, వాళ్లింటికి చుట్టపు చూపుగా వచ్చిన ఆఫీసర్లు వేటకొస్తే మంచెల మీద కూర్చునేవాళ్లు. కింద అడవిలో మాదిగలు, కోయలు, మా దాదాలాంటి గరీబు సాయిబులు వరసగా నిలబడి డప్పులు, డబ్బాలు కొడుతూ, కేకలేస్తూ జంతువుల్ని మంచెల వైపు తోలాలి. కూలి లేదు. వెట్టి. దాదాకు ఇంకో పని అదనం. జింక పడిందని కేక వినబడగానే కత్తి పట్టుకుని ఉరకాలి. ప్రాణం పోకముందే బిస్మిల్లా చెప్పి జబా చెయ్యాలి. ఆలస్యమైతే మాంసం తురకదొరలకు హరామ్. గురి తప్పినా, జింక దూరం పోయి పడినా తిట్లు మాత్రం ఉరికినవాడికే.

నేను పనిచేసే పత్రికలో ఒక మిత్రుడు, మంచివాడే, ఒకసారి అన్నాడు: "మీవాళ్లు నవాబులు కదా, వేటలు మీకు కొత్తా?" ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటల ఫొటోలు, రాజా దీన్ దయాళ్ తీసినవి, అందరూ చూసినవే. ఆ ఫొటోలే మా అందరి కుటుంబ ఆల్బం అనుకుంటారు. మా కుటుంబానికి ఆల్బమే లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2023 అక్టోబర్‌లో మా చాచా కొడుకు తుపాకి కొన్నాడు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. అక్కడ నవంబర్ మొదటి శనివారం జింకల వేట మొదలవుతుంది. ఆఫీసులో పనిచేసే తెల్లవాళ్లు ఏటా పిలుస్తుంటే, ఈసారి ఒప్పుకున్నాడు. వేట పాఠాలు ఆన్‌లైన్లో చదివి పరీక్ష రాశాడు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లెవరైనా ఆ రాష్ట్రంలో వేటకు ఆ పాఠాలు చదవాలట. లైసెన్సు తీసుకున్నాడు. దాంతోపాటే చంపిన జింకకు కట్టే ట్యాగులు వస్తాయి. ఇక తుపాకి కావాలి. నేను అప్పుడు వాళ్లింట్లో ఉన్నాను. "భాయిజాన్, నువ్వూ రా" అన్నాడు. వెళ్లాను.

దుకాణం మన బట్టల షోరూం అంత ఉంది. గోడల మీద జింక తలలు, కింద వరసగా తుపాకులు. అమ్మే మనిషి డెబ్బయ్యేళ్ల తెల్ల ముసలాయన. గడ్డం ఛాతీ దాకా ఉంది. మావాడి గడ్డం అందులో సగం. ఆయన గడ్డాన్ని చూస్తే వేటగాడనుకుంటారు.

టూరిస్టు వీసా మీద వచ్చినవాణ్ని, వేట లైసెన్సు లేనివాణ్ని. నేను తుపాకి పట్టుకోకూడదని ముందే చెప్పాడు తమ్ముడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ముసలాయన బాగా చెప్పాడు. మొదటిసారి వేటకు పోయేవాళ్లంతా పెద్ద తూటా అడుగుతారట. .30-06 అని ఒకటుంది. 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చి, రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. దాంతో జింకేం ఖర్మ, ఇంకా పెద్ద జంతువునూ కొట్టొచ్చు. కానీ పేల్చినప్పుడు భుజం మీద గుద్దుతుంది. రెండుసార్లు గుద్దితే మూడోసారి మనిషి పేలకముందే కళ్లు మూసుకుంటాడు, గుర్రం లాగేటప్పుడు చెయ్యి అదురుతుంది. తూటా పొట్టలో తగులుతుంది. జింక ఎక్కడికో పోయి, గంటల తరబడి నరకం చూసి చస్తుంది. "నువ్వు కొట్టగలిగే తుపాకి కొనుక్కో, గొప్ప చెప్పుకునే తుపాకి కాదు" అని, .243 చూపించాడు. 1955లో వచ్చిన తూటా. .30-06తో పోలిస్తే దెబ్బ దాదాపు సగం. రెండు వందల గజాల లోపు టెక్సాస్ జింకకు అది చాలునన్నాడు.

దుర్బీను, అంటే స్కోపు, గురించి ఇంకా సేపు చెప్పాడు. తుపాకిలో డబ్బు మిగిల్చి అద్దంలో పెట్టమన్నాడు. 3-9x40 అన్నది తీసుకోమన్నాడు. మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. అంకె ఎప్పుడూ మూడు నాలుగు దగ్గరే ఉంచాలట. తొమ్మిది మీద పెడితే ఎదురుగా జింక ఉన్నా బొచ్చు తప్ప ఏమీ కనబడదు, మసక వెలుతురులో బొమ్మ నల్లబడుతుంది. కన్ను మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. దగ్గర పెడితే పేలినప్పుడు దుర్బీను అంచు వెనక్కొచ్చి కనుబొమ్మ మీద నెలవంకలా కోస్తుంది. ఆయన కనుబొమ్మ మీద ఆ మచ్చ ఉంది. నెలవంక అన్నప్పుడు మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వాం. ఎందుకో ఆయనకు తెలీదు.

తుపాకికి బిగించని దుర్బీను ఒకటి నా చేతికిచ్చాడు. గోడమీది జింక తల చూడమన్నాడు. చూశాను. తిప్పుతుంటే నిలువు గీతా అడ్డగీతా కలిసిన చోట, హాలు చివర కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరిదో ముఖం వచ్చింది. గభాల్న దించేశాను.

ఇక అసలు విషయం. ఆ దుకాణంలో బాగా అమ్ముడుపోయేవి నల్ల రైఫిళ్లు, ఏఆర్-15 రకం. టెక్సాస్‌లో వాటితోనూ జింకల్ని వేటాడతారు. తేలిక, దెబ్బ తక్కువ. మా తమ్ముడితో పనిచేసే గుంటూరబ్బాయి ఒకతను అదే కొని, పట్టుకుని ఫొటో దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టాడు. లైకులు వచ్చాయి, "హీరో" అన్నారు. ముసలాయన ఆ వరస వైపు చెయ్యి చూపగానే తమ్ముడు నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "కాలీ నక్కో భాయిజాన్. లక్డీవాలీ లేతూం." నల్లది వద్దు, కట్టెది తీసుకుంటానని.

నల్ల రైఫిలే కాదు, మామూలు రైఫిల్లో కూడా నల్ల ప్లాస్టిక్ మడమ వద్దన్నాడు. ముసలాయనకు అర్థం కాలేదు. ప్లాస్టిక్ చవక, వానకు తడవదు. కట్టె తేమకు ఉబ్బితే గురి కదులుతుంది. పైగా దాదాపు రెండు వందల డాలర్లు ఎక్కువ. అన్నీ చెప్పాడు. తమ్ముడు వినలేదు. అక్రోటు కట్టె మడమ ఉన్నదే తీసుకున్నాడు. "అందంగా ఉంది" అన్నాడు ఆయనతో. బయటికొచ్చాక నాతో అన్నది వేరు. "కట్టెది పట్టుకుంటే తాతల నాటి తుపాకిలా ఉంటుంది. నల్లది పట్టుకుంటే నేను ఎవరిలా ఉంటానో నీకు తెల్వదా?"

తెలుసు. డెస్కులో కూర్చుని ఎన్నిసార్లు ఆ వార్త దిద్దలేదు! బల్ల మీద పరిచిన కత్తులు, వెనక ముసుగులేసిన కుర్రాళ్లు, పైన "మారణాయుధాలు స్వాధీనం". ఆ కత్తుల్లో కొన్ని మా ఇళ్లల్లో బక్రీద్‌కు నూరుకునేవే అని నాకు కనబడేది. శీర్షిక మార్చమని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగలేదు. అడిగినవాడికీ ఒక పేరుంటుంది కదా.

కాగితాలు నింపాడు. 4473 అని ఒక ఫారం. పుట్టిన దేశం, జాతి, నేరాలు, అన్నీ రాయాలి. దుకాణంవాళ్లు ఆ వివరాలు తనిఖీకి పంపితే మూడింట్లో ఒక జవాబు వస్తుంది. ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు, ఆగండి. మావాడి పేరు మొహమ్మద్‌తో మొదలవుతుంది. ఆగండి అని వచ్చింది. ముసలాయన నొచ్చుకుని, "స్మిత్‌లకూ ఇలాగే అవుతుంది, ఒకే పేరు వేలమందికుంటే" అన్నాడు. నిజమే కావచ్చు. మూడు పనిదినాలు చూడాలి. ఆ మూడు రోజులూ మరదలు "ఎందుకొచ్చిన తుపాకి, వదిలెయ్యి" అంటూనే ఉంది. తమ్ముడు వదల్లేదు. నాలుగో రోజు ఇవ్వొచ్చని వచ్చింది. ప్రతిసారీ ఇలా ఆగకుండా, అర్జీ పెడితే ఒక ప్రత్యేక నంబర్ ఇస్తారట. ఆ రాత్రే అర్జీ పెట్టాడు. విమానాశ్రయాల్లో ఆగీ ఆగీ మావాడికి అర్జీలు పెట్టడం అలవాటే.

ఇంట్లో ఇంకో పంచాయితీ. తెచ్చిన మాంసం మరదలి వంటింట్లోకి వస్తుందా రాదా? తుపాకి గుండు కోయదు, దెబ్బతో చంపుతుంది, కాబట్టి జింక ప్రాణంతో దొరికితే జబా చెయ్యాల్సిందే అంటారు మన హనఫీ ఆలిములు చాలామంది. మొన తేలిన తూటా బాణంలాంటిదే, బిస్మిల్లా చెప్పి పేలిస్తే చాలు అనేవాళ్లూ ఉన్నారు. మసీదులో అడిగితే రెండు జవాబులూ దొరికాయి. మరదలు మొదటి జవాబే పట్టుకుంది. ఇక్కడే చిక్కు. మంచి వేటగాడు ఒక్క దెబ్బకి చంపాలి. జబాకి ప్రాణం మిగలాలి. తమ్ముడు సిగ్గుపడుతూనే ముసలాయన్ని అడిగాడు. ఆయన నవ్వలేదు. "భుజం వెనక, ఊపిరితిత్తుల మీద కొట్టు. అయినా యాభై నుంచి వంద గజాలు పరుగెత్తి పడుతుంది. అరగంట ఆగి వెళ్లు, వెంటపడితే ఇంకా దూరం పోతుంది" అన్నాడు. అరగంట ఆగితే మరదలి వంటింటి తలుపు మూసుకున్నట్టే.

గురి సరిచూసే మైదానానికి వెళ్లాం. నేను గీతకు వెనకాల, చెవులకు డొప్పలు పెట్టుకుని. వంద గజాల దూరాన కాగితం. మూడు తూటాలూ ఒకే చోట తగిలాయి గానీ, మూడంగుళాలు కింద, రెండంగుళాలు ఎడమ. దుర్బీను మీద మరలుంటాయి. ఒక్కో టిక్కుకు వంద గజాల దగ్గర పావు అంగుళం కదులుతుంది. పన్నెండు పైకి, ఎనిమిది కుడికి. తర్వాతి మూడూ నడిమధ్యనే పడ్డాయి. పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు నల్ల రైఫిళ్లతో కాల్చుకుంటున్నారు. వాళ్లనెవరూ చూడటం లేదు.

చివరగా నారింజ రంగు చొక్కా, టోపీ కొన్నాడు. ప్రైవేటు భూముల్లో అక్కడ ఆ రంగు తప్పనిసరి కాదు. మిత్రులెవరూ వేసుకోవట్లేదు, ఆకుల రంగు బట్టలే. "జింకకు కనబడకపోతే చాలు" అన్నారట. "జింక సంగతి సరే, తుపాకి పట్టుకుని నడుస్తుంటే నేను పక్క రాంచివాళ్లకు దూరం నుంచే కనబడాలి భాయిజాన్, నక్కి ఉన్నట్టు ఉండొద్దు" అన్నాడు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. నవంబర్ 4, శనివారం. ఇక్కడ సాయంత్రం ఏడు కావస్తోంది, ఫోన్ మోగింది. అక్కడ పొద్దున్నే. మాట రావట్లేదు అతనికి, ఒకటే రొప్పు. తొంభై గజాల్లో కొట్టాడట. అరవై గజాలు పోయి పడిందట. తుపాకిలో గుండ్లు తీసేసి, దాన్ని మంచె మీదే వదిలి, కత్తి పట్టుకుని ఉరికాడట. మిత్రులు ఆగమని అరుస్తున్నా ఆగలేదు.

"ప్రాణముందా?" అన్నాను.

"కన్ను కదిలింది భాయిజాన్. నేను చూశాను. కదిలింది" అన్నాడు. కాసేపు రొప్పు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత, ట్యాగు కట్టాలి, తారీఖు గుర్తు పెట్టాలి, మళ్లీ చేస్తానని పెట్టేశాడు.