నాన్నగారి అంబాసిడర్ రంగు

అన్నయ్యగారూ, మధ్యాహ్నం మీ కునుకు పాడైందేమో. ఆ చప్పుడు బఫింగ్ మెషీన్‌ది. రేపటి నుంచి సాయంత్రం నాలుగు దాటాకే మొదలుపెడతాను. ఎండ తగ్గితే నా పనికీ మంచిదే. కాలుతున్న రేకు మీద పాలిష్ పట్టే కాంపౌండు రాస్తే ఇట్టే ఆరిపోయి అంటుకుపోతుంది.

అవును, నాన్నగారి అంబాసిడరే. 1982 నాటి మార్క్ 4. మొన్న మీరు ఈ గోడ దగ్గరే "మొత్తం గీకించి కొత్త పెయింటు కొట్టించెయ్యమ్మా, పీడా పోతుంది" అన్నారు. చూసినవాళ్లందరూ అదే మాట. నాకు మాత్రం మనసొప్పలేదు. ఎందుకో చెబుతాను, ఆ పీట ఎక్కి ఒకసారి ఇటు చూడండి. తలుపు తెరిచి పట్టుకుంటాను. రబ్బరు బీడింగు పక్కన, ఎండ తగలని ఆ అంచు చూశారా? ఎంత చిక్కటి నీలమో! కలకత్తా పక్కన ఉత్తరపారా ఫ్యాక్టరీలో వేసిన రంగు అది. ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఈ పొర గీకేస్తే మళ్లీ ఎక్కడ తెస్తాం?

పైన తెల్లగా, బూడిద పట్టినట్టు కనబడేదీ ఆ నీలమే. ఏళ్ల తరబడి ఎండ తగిలితే రంగుని పట్టి ఉంచే జిగురు పైపొరలో చచ్చిపోతుంది. ఇక పొడి ఒక్కటే మిగులుతుంది. వేలు పెట్టి రాస్తే చేతికంటేది అదే. ఇప్పటి కార్లకి రంగు మీద నీళ్లలా తేటగా ఉండే క్లియర్ కోటు వేస్తారు. ఈ బండికి అది లేదు, రంగే పైపొర. అందుకే ఇంతలా వెలిసింది. ఆ చచ్చిన పొర తీసేస్తే కింద రంగు బతికే ఉంది.

ఇత్తడి బిందె చింతపండుతో తోమినట్టే కదా అని వదిన నిన్న అడిగారు. బిందెని పండగ పండక్కీ తోముకోవచ్చు గానీ దీన్ని అలా తోమలేం. ప్రైమరూ రంగూ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఆపైన కొంచెం. తోమిన ప్రతిసారీ అందులోంచే పోతుంది. అందుకే ముందు మందం కొలిచే మీటరు తెచ్చి బండంతా చూశాను. అది ఇనుప రేకు మీద ఆనిస్తే పైన ఎంత పొర ఉందో చెబుతుంది. అన్నిచోట్లా బాగానే ఉంది గానీ ఎడమ మడ్‌గార్డు దగ్గర అంకె ఒక్కసారిగా ఎగిరింది. కింద లప్పం ఉందన్నమాట. ఎప్పుడో గుద్దితే టింకరింగు చేయించి పైన పెయింటు కొట్టించారు. ఆ సంగతి నాన్నగారు అమ్మకి కూడా చెప్పలేదు!

వాటర్ పేపరు పట్టాల్సిన చోట్లు బండి మొత్తం మీద కొన్నే. మిగతాది కాంపౌండుతోనే పోతోంది. ముందు అరచేతి మేర రాసి చూసుకోవాలి, తక్కువ మందుతో పని జరిగితే పెద్ద మందు జోలికి పోకూడదు. బానెట్ మీద పిట్టల రెట్టలు తినేసిన మచ్చలకి మాత్రం పేపరు తప్పలేదు. 2000 నంబరు పేపరుని షాంపూ చుక్క వేసిన నీళ్లలో నానబెట్టి, రబ్బరు దిమ్మకి చుట్టి, చెయ్యి బరువు మోపకుండా తిన్నగా లాగుతాను. నాలుగు లాగులకే నీలం నీళ్లు కారతాయి. మొన్న వాటిని చూసి మా పనమ్మాయి కంగారుపడింది. క్లియర్ కోటు ఉన్న బండికైతే తెల్లటి నీళ్లే రావాలి, రంగొచ్చిందంటే కోటు తెగినట్టే. దీనికి రంగు రావడమే లెక్క. భయపడాల్సింది కింద ప్రైమరు తొంగిచూసినప్పుడు. తరవాత 3000 పేపరు అడ్డంగా పడతాను. మొదటి పేపరు గీతలు ఇంకా ఉన్నాయో పోయాయో అప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. తుడిచి ఆరబెట్టి చూస్తే ఆ చోటంతా గాజు మీద ఆవిరి పట్టినట్టు మసకగా ఉంటుంది. మధ్యలో ఒకటి రెండు మెరిసే చుక్కలు మిగిలితే అవి గుంటలు. వాటి కోసం ఇంకా అరగదియ్యను. మచ్చ మిగిలితే మిగలనీండి, రంగు ఉండాలి.

అంచులకీ, బానెట్ మధ్యన ఎత్తుగా ఉండే గీతకీ మాస్కింగ్ టేపు వేస్తున్నాను. రంగు అక్కడే పల్చగా ఉంటుంది, ముందు తెగేదీ అక్కడే. మెషీన్లలో ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది రోటరీ. పని జోరుగా చేస్తుంది గానీ ఒకేచోట ఆగితే వేడెక్కి రంగు కాల్చేస్తుంది. నేను వాడేది డ్యూయల్ యాక్షన్, తిరుగుతూనే కాస్త అటూ ఇటూ కదులుతుంది. నిదానం, కొత్త చేతికి భయం తక్కువ. మధ్యమధ్య రేకు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను, చెయ్యి నిలవకపోతే ఆపేస్తాను. పాత రంగు కాబట్టి ప్యాడు తొందరగా నిండిపోతుంది, బ్రష్షుతో దులుపుతూనే ఉండాలి.

అన్నట్టు, ఆ నీలం నీళ్లు గోడ కింద తూములోంచి మీ కరివేపాకు మొక్క వైపు రాకుండా ఇసుక మూటలు అడ్డం పెట్టాను. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పొడిగా గీకడం లేదు, మాస్కు తియ్యడం లేదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదు. మీ బుజ్జిగాణ్ణి కూడా రెండు రోజులు ఇటు పంపకండి.

బజార్లో గంటలో అద్దంలా చేసిచ్చేవాళ్లు ఉన్నారంటారా? ఉన్నారు. ఆ మెరుపులో చాలాసార్లు నూనే ఎక్కువ. గీతలు నూనెతో నిండి కనబడవు, నాలుగు కడుగుళ్లకి మళ్లీ తేలతాయి. ఎవరు చేసినా నీడలో చూసి డబ్బులివ్వకండి. బండి ఎండలోకి తీయించి ఏటవాలుగా చూడండి. రేకులో కనబడే సూర్యుడి చుట్టూ సాలెగూడులా గీతలు తిరిగితే పని కాలేదన్నమాట.

అంతా అయ్యాక వ్యాక్సు. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే కార్నౌబా మైనం ఉంటుంది, అది కలిసిన డబ్బా తెచ్చాను. క్లియర్ కోటు లేని బండి కాబట్టి ఒకసారి రాసి మర్చిపోతే కుదరదు, కొన్ని నెలలకోసారి రాస్తూనే ఉండాలి. ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పను, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

మీ తోడల్లుడుగారు పాత ఫియట్‌ని పెయింటింగ్ షెడ్డుకి పంపుతున్నారని వదిన చెప్పారు. ఆయనకి ఇవాళే ఫోన్ చెయ్యండి అన్నయ్యగారూ. పెట్రోలు మూత తెరిచి లోపలి రంగు చూడమనండి. అది బాగుంటే పైన ఒక మూల అరచేతి మేర కాంపౌండు పెట్టి చూసేదాకా బండి కదపొద్దనండి. మెషీన్ కావాలంటే నాది తీసుకెళ్లమనండి.