పరిష్కర్తల చిన్న పని

ఇల్లు కట్టించినవారి పేరు గుమ్మం పక్కన రాతిఫలకం మీద ఉంటుంది. కట్టిన మేస్త్రి పేరు కొన్నాళ్ళపాటు ఊళ్ళో నలుగురి నోట నిలుస్తుంది. ప్రతి ఉదయం వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేవారి పేరు మాత్రం ఎవరూ అడగరు. ఒక్కనాడు ఆ పని జరగకపోతే వీధి వీధంతా గమనిస్తుంది. గ్రంథలోకంలోనూ ఇదే రీతి. కావ్యం కవిది, కీర్తి కవిది. లేఖకుల తప్పులను దిద్ది, చెదిరిన పాఠాన్ని సరిచేసి, నేటి పాఠకుని చేతికి అందించిన పరిష్కర్త పేరు పీఠిక చివర చిన్న అక్షరాలలో ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

కంప్యూటర్ల లోకం మిక్కిలి కొత్తది. అయినా అక్కడ కూడా ఈ పరిష్కర్తల తెగ ఒకటి ఏర్పడినది. వారి పని యంత్రానికి కనిపించదు, యంత్రం వాడుకునేవారికీ కనిపించదు. ప్రోగ్రాముల నడుమ మనుషులు మనుషుల కోసం వ్రాసిపెట్టిన వ్యాఖ్యలను చక్కదిద్దడమే వారి పని. ఇంత స్వల్పమైన పనిలో చెప్పుకోదగినది ఏమున్నదని పాఠకునికి తోచవచ్చు. కొంచెం లోపలికి వెళ్ళి చూస్తే గాని అందులోని బరువు తెలియదు.

1991లో ఫిన్లాండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటర్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం వ్రాయడం మొదలుపెట్టాడు. దాని గర్భగృహానికి కెర్నెల్ అని పేరు. అదే లినక్స్. నేడు కోట్లాది ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్వర్లలోనూ నడుస్తున్నది అదే. దాని మూలపాఠం ఇప్పుడు మూడు కోట్ల పంక్తులు దాటినది. ఆ పంక్తులలో సగానికి పైగా ఆక్రమించినవి డ్రైవర్లు. కీబోర్డు, డిస్కు, కెమెరా, నెట్‌వర్క్ కార్డు, ఇట్లా ప్రతి పరికరానికీ తనదైన భాష ఉంటుంది. కెర్నెల్‌కు ఆ భాష రాదు. రెంటికీ నడుమ నిలిచి ఒకరి మాట ఒకరికి చెప్పే దుబాసీయే డ్రైవర్. దుబాసీ పొరపడితే ఇద్దరు పెద్దమనుషుల నడుమ కలహం వస్తుంది. డ్రైవర్ పొరపడితే యంత్రమంతా కొయ్యబారిపోతుంది.

ఈ డ్రైవర్లను చాలావరకు సీ అనే భాషలో వ్రాస్తారు. ఆ భాషలో ఒక వాలుగీత, దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు పెడితే, అక్కడినుంచి మళ్ళీ నక్షత్రమూ వాలుగీతా వచ్చేవరకు ఉన్నదంతా వ్యాఖ్య. కంపైలర్ ఆ మాటలను తీసి పక్కన పెట్టి మిగిలినదానినే యంత్రభాషలోకి మారుస్తుంది. అంటే వ్యాఖ్య మంచిదైనా చెడ్డదైనా, నిజమైనా అబద్ధమైనా, యంత్రం నడకలో తేడా రాదు. తేడా అంతా తరువాత వచ్చి చదివే మనిషికే. డ్రైవర్లలో వ్యాఖ్యలకు మరొక ప్రత్యేకత కూడా కలదు. పరికరం తయారైనప్పుడే అందులో ఏదో ఒక లోపం ఉండిపోతుంది. దానిని కప్పిపుచ్చడానికి డ్రైవర్‌లో అర్థం లేనట్టు కనిపించే పంక్తి ఒకటి వ్రాయవలసి వస్తుంది. ఒకే అంకెను రెండుసార్లు వ్రాయడం, కారణం లేకుండా కొన్ని క్షణాలు ఆగడం, ఇటువంటివి. ఆ పంక్తి ఎందుకు ఉన్నదో చెప్పగలిగినది దాని పక్కనున్న వ్యాఖ్య ఒక్కటే.

మెదకు సీమలోని కొలచాలానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య వ్రాస్తూ ఒక నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేనిది వ్రాయను, అవసరం లేనిది చెప్పను అన్నది దాని సారాంశం. కెర్నెల్ వ్రాసేవారి శైలీ నియమావళి దాదాపు ఇదే మాట చెబుతుంది. వ్యాఖ్యలు మంచివే గాని అతిగా ఉండరాదట. ప్రోగ్రాం ఏమి చేస్తున్నదో వ్యాఖ్య చెప్పాలి. ఎట్లా చేస్తున్నదో వివరించవలసి వచ్చిందంటే, వ్యాఖ్యను పెంచడం మాని ప్రోగ్రామునే తేటగా తిరిగి వ్రాయాలి. ఇద్దరి నడుమ ఆరు వందల ఏళ్ళ దూరం ఉన్నది. వ్యాఖ్యాత ధర్మం మాత్రం మారలేదు.

ఆ నియమావళి రూపాన్ని గురించి కూడా పట్టుదలగానే ఉంటుంది. పంక్తిని లోపలికి జరిపేటప్పుడు ఎనిమిది అక్షరాల మేర జరపాలి. పంక్తి పొడవు ఎనభై అక్షరాలు దాటకుండా ఉంటే మంచిది. 2020లో తనిఖీ ప్రోగ్రాం మాత్రం ఈ హద్దును నూరుకు పెంచినది. వ్యాఖ్య అనేక పంక్తులలో సాగితే మొదటి పంక్తిలో ప్రారంభపు గుర్తు తప్ప మరేమీ ఉండరాదు. తరువాతి పంక్తులన్నీ నక్షత్రంతో మొదలు కావాలి. ముగింపు గుర్తుకు ఒక పంక్తి విడిగా ఇవ్వాలి. నెట్‌వర్క్ విభాగంవారు చాలాకాలం వేరు సంప్రదాయం పాటించారు. వారు మొదటి పంక్తిలోనే మాట మొదలుపెట్టేవారు. 2016లో టోర్వాల్డ్స్ ఆ పద్ధతి తనకు నచ్చదని కటువుగానే చెప్పాడు. ఒక ఖాళీ పంక్తి కోసం ఇంత వాదమా అని బయటివారికి నవ్వు రావచ్చు. అరసున్న ఉండాలా వద్దా అని, శకటరేఫను విడిచిపెట్టవచ్చునా అని తరతరాలు వాదించుకున్న భాషలో పుట్టినవారికి ఆ నవ్వు త్వరగానే ఆగిపోతుంది.

2007లో ఈ నియమాలను సరిచూసే ప్రోగ్రాం ఒకటి కెర్నెల్‌లో చేరినది. దాని పేరు చెక్‌ప్యాచ్. పంపబోయే మార్పును దాని ముందు పెడితే ఎక్కడ ఖాళీ ఎక్కువైనది, ఎక్కడ నక్షత్రం తప్పిపోయినది, పంక్తి ఎక్కడ హద్దు దాటినది, అన్నీ చెబుతుంది. 2008లో స్టేజింగ్ అనే విభాగం ఏర్పడినది. నడుస్తున్నా నాణ్యత చాలని డ్రైవర్లను అందులో ఉంచుతారు. శుభ్రపడినవి ప్రధాన విభాగానికి చేరుతాయి. ఎవరూ పట్టించుకోనివి తొలగిపోతాయి. కొత్తగా ఈ విద్య నేర్చుకునేవారికి అక్షరాభ్యాసం సాధారణంగా ఇక్కడే. వ్యాఖ్య రూపం సరిచేయడం, అక్షరదోషం దిద్దడం, ఇవే ఓనమాలు. మార్పు చిన్నదిగా ఉండాలి. ఒక మార్పులో ఒకే పని జరగాలి. ఎందుకు చేశారో మాటల్లో చెప్పాలి. చివర తన పేరు పెట్టి ఆ మార్పుకు తాను పూచీ అని ఒప్పుకోవాలి. ఈ పూచీ సంప్రదాయం 2004 నుంచి నడుస్తున్నది.

అట్టి అభ్యాసిని ఒకతెను ఊహించుకుందాం. రాత్రి భోజనమయ్యాక ఆమె ఒక పాత డ్రైవర్ ముందు కూర్చున్నది. చెక్‌ప్యాచ్ చూపిన దోషాలు ముప్పై దాకా ఉన్నవి. ఒక్కొక్కటే దిద్దుతూ వస్తుండగా ఒకచోట ఆమె చెయ్యి ఆగినది. వ్యాఖ్యలో ‘ఇక్కడ 10 మిల్లీసెకన్లు ఆగవలెను’ అని ఉన్నది. దాని కింది పంక్తి యంత్రాన్ని 50 మిల్లీసెకన్లు ఆపుతున్నది. వ్యాఖ్యలో 10 కొట్టివేసి 50 అని వ్రాస్తే పని పూర్తి అవుతుంది. ఆమె అట్లాగే వ్రాసి పంపింది. ఆ డ్రైవర్ బాధ్యత వహించే సంరక్షకుని వద్దనుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది. ‘ఈ రెండింటిలో ఏది నిజమో మీకు ఎట్లా తెలిసింది?’

ఆమెకు తెలియదు. నడుస్తున్నది కనుక ప్రోగ్రామే నిజమని అనుకున్నది. కాని వ్యాఖ్య నిజమై, ప్రోగ్రాములో వేలు జారి అంకె మారి ఉండవచ్చును గదా! లిఖిత ప్రతిలో మూలానికీ టీకకూ పొంతన కుదరనప్పుడు, మూలమే సరియైనదని చూడకుండా తీర్పు చెప్పే పరిష్కర్తను పండితులు నమ్మరు. ఒక్కొక్కసారి మూలంలో చెడిపోయిన పాఠం టీకలోనే పదిలంగా ఉంటుంది.

ఆమె చరిత్రలోకి వెళ్ళింది. 2005లో టోర్వాల్డ్సే వ్రాసిన గిట్ అనే సాధనం కెర్నెల్‌లోని ప్రతి పంక్తిని చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి మార్చారో చూపుతుంది. అడిగి చూస్తే ఆ పంక్తి పక్కన కనిపించినది మరొక శుభ్రకారుని పేరు. కొన్నేళ్ళ కిందట ఆయన ఆ దస్త్రంలోని పంక్తులన్నిటినీ ఎనిమిది అక్షరాల మేర జరిపాడు. కారణం చెప్పిన చోట ‘శైలి సవరణ’ అని మాత్రమే ఉన్నది. సున్నం వేసిన గోడ మీద పాత శాసనం కప్పుపడినట్టు, అసలు మార్పు ఆయన మార్పు కింద దాగిపోయింది. అనుభవజ్ఞులు ఈ శుభ్రతా యజ్ఞాన్ని సందేహించడానికి ముఖ్యకారణం ఇదే. పనిచేస్తున్న పాత డ్రైవర్లను రూపం కోసమే కదిలిస్తే చరిత్ర మసకబారుతుంది. ఇప్పటి సవరణను పాత విడుదలలకు అతకబోతే పంక్తులు కలియవు. చూసి ఒప్పుకోవలసినవారి కాలం వ్యర్థమవుతుంది. వారి ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు.

ఆ పొరను దాటి ఆమె ఇంకా వెనక్కి వెళ్ళింది. అప్పుడు దొరికింది. మొదట ప్రోగ్రాంలోనూ 10 అనే ఉన్నది. కొన్ని పరికరాలు చల్లబడి ఉన్నప్పుడు ఆ వ్యవధిలో మేలుకోక మొరాయించినవి. ఎవరో దానిని 50కి పెంచి, కారణం మార్పు వివరణలో వ్రాసి, పైనున్న వ్యాఖ్యను దిద్దడం మరచిపోయారు. ఆమె మొదట వ్రాసిన అంకె సరియైనదే. అయినా ఆమె దానిని ఉంచలేదు. అంకెను పూర్తిగా తీసివేసి, ‘కొన్ని పరికరాలు చల్లని స్థితిలో మేలుకోవడానికి ఎక్కువ వ్యవధి తీసుకుంటాయి, దీనిని తగ్గించవద్దు’ అని వ్రాసింది. అంకె కింది పంక్తిలో ఎట్లాగూ ఉన్నది. మరొకరు దానిని మార్చినా ఈ వ్యాఖ్య అబద్ధం కాదు. ఈసారి ఆమె మార్పును ప్రశ్న లేకుండా స్వీకరించారు.

వ్యాఖ్యను యంత్రం చదవదన్న మాటకు కూడా ఒక అపవాదం కలదు. సీ భాషలో అనేక మార్గాలలో ఒకటి ఎంచుకునే నిర్మాణం ఉన్నది. ఒక మార్గం చివర ఆపమని చెప్పకపోతే నడక తరువాతి మార్గంలోకి జారిపోతుంది. కావాలని జారవిడిచినప్పుడు ఆ సంగతి చెబుతూ చిన్న వ్యాఖ్య వ్రాయడం ఆచారం. 2017లో వచ్చిన జీసీసీ కంపైలర్ ఏడవ సంచిక ఈ జారుడును గురించి హెచ్చరించడం నేర్చుకున్నది. అక్కడ ఆ వ్యాఖ్య కనిపిస్తే ఊరుకునేది. మనిషికి ఉద్దేశించిన మాటను యంత్రం చాటున విన్నదన్నమాట! కాని క్లాంగ్ అనే మరో కంపైలర్‌కు ఆ వినికిడి లేదు. పైగా ఒకే భావాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాశారు. చివరకు ఆ భావానికి ఒక స్థిరపదం కల్పించి, 2020 ఆగస్టులో కెర్నెల్ అంతటా ఆ వ్యాఖ్యలను తొలగించి దానిని నిలిపారు. ఊరకే చెప్పిన మాట నియమమైనది. ఆ పరిశోధన సాగుతున్న ఏళ్ళలో కావాలని కాక పొరపాటున జారిన చోట్లు కూడా బయటపడినవి. ఎన్నో ఏళ్ళుగా ఎవరి కంటా పడని తప్పులవి.

ఊడ్చేటప్పుడే పోయిన ఉంగరం దొరుకుతుంది. అజాగ్రత్తగా ఊడిస్తే ఉన్న ఉంగరం చెత్తలో కలిసిపోతుంది. చీపురు ఒక్కటే, తేడా చేతిలో ఉన్నది. నక్షత్రాలు వరుసగా ఉన్నవో లేవో చెక్‌ప్యాచ్ చెప్పగలదు. ఆ నక్షత్రాల నడుమనున్న మాట నిజమో కాదో అది చెప్పలేదు. అది తెలుసుకోవడానికి ఎవరో ఒకరు ఆగి, సందేహపడి, పాత పొరలు విప్పి చూడాలి.

ఆ అభ్యాసిని పేరు ఇప్పుడు ఆ పంక్తి పక్కన ఉన్నది. పరికరాన్ని కనిపెట్టినది ఆమె కాదు, డ్రైవర్ వ్రాసినదీ ఆమె కాదు. మూడు కోట్ల పంక్తులలో ఆమె వంతు రెండు పంక్తులు. కొన్నేళ్ళ తరువాత ఏ దేశంలోనో మరొకరు అర్ధరాత్రివేళ ఆ డ్రైవర్ తెరిచి, ఈ ఆలస్యం ఎందుకు, తగ్గిస్తే యంత్రం తొందరగా మేలుకుంటుంది గదా అనుకోవచ్చు. అప్పుడు ఆ రెండు పంక్తులు చదివి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. వ్రాసినది ఎవరో చూడాలని కూడా వారికి తోచకపోవచ్చు. వాకిలి శుభ్రంగా ఉన్నప్పుడు ఊడ్చినదెవరని ఎవరు అడుగుతారు?