పడవింటి కాపురం

ఏనుగు నెక్కమంటే ఎక్కుతాను గాని, పడవ ఎక్కమంటే నాకు గుండె జారిపోతుంది. కోనసీమలో పుట్టి ఈత రానివాణ్ణి. మా అన్నయ్య పదకొండో ఏట కాలవలో మునిగి పోయాడు. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆ తర్వాత మా అమ్మ నన్ను రేవు మెట్టు దిగనివ్వలేదు. నేను మా అబ్బాయిని దిగనివ్వలేదు. అటువంటివాణ్ణి 2024 సంక్రాంతి సెలవుల్లో భార్యతో, పదేళ్ళ కొడుకుతో మూడు రోజులు తెరచాప పడవలో గడిపానంటే, అదంతా మా పిన్ని కొడుకు చలవ.

వాడు పినాంగులో ఇంజనీరు. బంగారంలాంటి ఉద్యోగం మానేసి, ఇల్లమ్మి, 38 అడుగుల పడవ కొన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలతో అందులోనే కాపురం. “అన్నయ్యా, ముందు వచ్చి చూడు, తర్వాత తిట్టు” అన్నాడు ఫోనులో. తిడదామనే వెళ్ళాను.

వాళ్ళ పడవ అప్పుడు లంకావిలో ఉంది. మలేషియాకు వాయవ్యపు కొసన, కెడా రాష్ట్రంలో, 99 దీవుల గుంపది. ఆటు సమయంలో బయటపడే తిప్పల్ని లెక్కవేస్తే మరికొన్ని. సున్నపురాతి కొండలు నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచి ఉంటాయి. వాగుల మొగల్లో మడ అడవులు. యునెస్కో వారు 2007లో దీన్ని జియోపార్కుగా గుర్తించారు. ‘హెలాంగ్’ అంటే గద్ద, ‘కావి’ అంటే ఎర్రరాయి, రెండూ కలిసి లంకావి అయిందని అక్కడివారు చెబుతారు. తలెత్తి చూస్తే తెల్లని తల, కావిరంగు రెక్కలు – మన గరుడపక్షే! మా ఆవిడ చటుక్కున దణ్ణం పెట్టుకుంది.

పడవలో అడుగుపెట్టగానే నాకు బోధపడిందేమంటే, అక్కడ ప్రతి వస్తువుకీ ఒకే చోటు; ప్రతి మనిషికీ ఒక పని. పొయ్యిని ఇరుసు మీద వేలాడదీశారు. పడవ ఒరిగినా పులుసు ఒలకదు. మంచినీళ్ళు తొట్టిలో 300 లీటర్లు మాత్రమే. సముద్రపు నీళ్ళతో స్నానం చేసి, చివర ఒక్క చెంబు మంచినీళ్ళు పోసుకోవాలి. దీపాలకు ఎండ పలకలే ఆధారం.

“అన్నీ బాగున్నాయి గాని బావగారూ, దెబ్బలాడుకుంటే అలిగి వెళ్ళడానికి చోటు లేదు. చుక్కాని దగ్గరికీ వంటింటికీ నాలుగడుగులే” అంది మరదలు నవ్వుతూ.

“మరి పిల్లల చదువో?” అన్నాను. పొద్దున్న మూడు గంటలు తల్లే చెబుతుందట. పదకొండేళ్ళ పెద్దపిల్ల తన పుస్తకం చూపించింది. గాలి దిక్కు, నీటి లోతు, లంగరు వేసిన చోటు, అన్నీ ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని ఒక్క అక్షరం రాదు. ఆఖరి పేజీలో ఓనమాలు దిద్దించాను. మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

రెండో రాత్రి దాయాంగ్ బున్‌తింగ్ దీవి పక్కన లంగరు వేశాం. ఆ మాటకు గర్భవతి అయిన కన్య అని అర్థం. అక్కడి కొండల వరస వెల్లకిలా పడుకున్న నిండుచూలాలిలా కనిపిస్తుంది.

అర్ధరాత్రి దాటాక పోటు తిరిగింది. కొండసందుల్లోంచి ఈశాన్యపు గాలి విసురుగా దిగింది. ఎక్కడో గంట గణగణ మోగింది. లంగరు జారుతోంది! నేను పైకి వచ్చేసరికి మరదలు చుక్కాని పట్టుకుంది; తమ్ముడు ముందుకొనన గొలుసు లాగుతున్నాడు. చీకట్లో నల్లని రాతిగోడ మెల్లగా మా వైపు వస్తున్నట్టుంది. నేను మా వాడి రెక్క గట్టిగా పట్టుకున్నాను.

పెద్దపిల్ల వచ్చింది. వాడికి తేలుడు చొక్కా తొడిగి, నడుముకు మోకు తగిలించింది. “పెదనాన్నగారూ, చెయ్యి వదలండి. నాన్నకి దీపం పట్టే మనిషి కావాలి” అంది.

పదకొండేళ్ళది. నాకు మా అన్నయ్య మొహం గుర్తులేదు, వయస్సు గుర్తుంది.

చెయ్యి వదిలాను. వాళ్ళిద్దరూ కమ్మీ పట్టుకుని ముందుకు వెళ్ళారు. పావుగంటసేపు ఆ దీపం కదలలేదు. లంగరు మళ్ళీ వేసి, గొలుసు మరింత వదిలి, అది పట్టిందని తేల్చుకున్నాక వాడు వెనక్కి వచ్చాడు. “నాన్నా, నేనే పట్టుకున్నా” అన్నాడు.

మర్నాడు దీవిలోని చెరువు చూడబోయాం. సముద్రానికీ దానికీ మధ్య సన్నని రాతిగోడ. అవతల ఉప్పు, ఇవతల మంచినీళ్ళు. దారిలో కోతులు మా అటుకుల సంచీ ఎత్తుకుపోయాయి. పిల్లలు తేలుడు చొక్కాలతో నీళ్ళలో దిగారు. మా వాడు నా వైపు చూశాడు. తలూపి, నేనూ మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టాను.

తమ్ముణ్ణి తిట్టాల్సిన తిట్లు అలాగే వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం తండ్రీ కొడుకులం ఈతకు వెళుతున్నాం. వాడు ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోతున్నాడు. నేనింకా గట్టు పట్టుకునే కాళ్ళు ఆడిస్తున్నాను. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు.