ఖరిదా నుండి భితరకనికకు: నీటి అంచున మెలకువలు

ఖరగ్‌పూర్ పట్టణమందలి ఖరిదా తెలుగువారికి కొత్త ప్రదేశము కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచట కూడలిని నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల కుటుంబములు ఉపాధికై వచ్చి స్థిరపడినవి. నాలుగైదు తరములు గడచినను, ఖరిదా బజారులో కూరగాయల బేరము నేటికీ తెలుగులో వినిపించును. ప్రపంచములోనే పొడవైనదిగా ఈ పట్టణపు రైలు ప్లాట్‌ఫారము చాలాకాలము పేరొందినది. దాని పొడవు 1,072.5 మీటర్లు.

చలికాలము రాగానే ఇచటి కుటుంబములు నీటి ఒడ్డునకు వనభోజనములకు బయలుదేరుట ఆనవాయితీ. దగ్గరగా మేదినీపూర్ వైపు కాసాయి నది ఉన్నది. శీతకాలమున ఆ నది సన్నగిల్లి, విశాలమైన ఇసుకతిన్నెలు బయటపడును. పెద్దలు వంటలో నిమగ్నులై యుండగా పిల్లలు మోకాటిలోతు నీటిలో ఆడుకొందురు. భోజనానంతరము గిన్నెలు కూడ అచటనే కడుగుదురు. ఈ అలవాటు కాసాయి తీరమున అంతగా హాని చేయకపోవచ్చును. దానిని మరొక నదికి తీసికొనిపోవుట మాత్రము ప్రమాదకరము.

ఆ మరొక నది దూరమున లేదు. హౌరా-చెన్నై మార్గమున రైలులో బాలేశ్వరము దాటి భద్రక్‌లో దిగి, రోడ్డుమార్గమున చాంద్‌బాలి చేరినచో, వైతరణీ తీరమునకు వచ్చినట్లే. అచటి నుండి పడవపై భితరకనిక అడవులలోనికి పోవచ్చును. బ్రాహ్మణీ, వైతరణీ నదులు సముద్రమును చేరు ఈ ప్రదేశమున మడ అడవులు దట్టముగా అల్లుకొని యున్నవి. రంగురంగుల లకుముకిపిట్టలు, దాంగ్‌మల్ వద్ద నిర్భయముగా తిరుగు చుక్కల జింకలు, బురదపై గెంతు చిన్న చేపలు కనులకు విందు చేయును. ఆ బురదగట్టుపైననే, ఎండిన దుంగవలె, ఉప్పునీటి మొసలి పడుకొని యుండును.

1975లో ఇచట మొసళ్ళ సంరక్షణ పథకము ప్రారంభమైనప్పుడు వాటి సంఖ్య వందకు లోపుగా ఉండెను. దాంగ్‌మల్‌లో గుడ్లను పొదిగించి, పిల్లలను పెంచి నదులలో విడిచిపెట్టగా, 2025 జనవరి గణనలో ఆ సంఖ్య 1,800 దాటినది. ఇది మన దేశము గర్వింపదగిన విజయము. అయితే ఆ విజయమునకు మూల్యము చెల్లించుచున్నవారు నదీతీర గ్రామీణులు. స్నానమునకు, బట్టలుతుకుటకు, పశువులను కడుగుటకు నదికి దిగినవారు ప్రాణములు కోల్పోవుచున్నారు. అందువలననే అనేక రేవులలో నీటిలోనికి కంచె కట్టి, దాని లోపలనే స్నానము చేయు ఏర్పాటు చేసినారు. కంచె లేనిచోట ఆ ఊరివారే దిగుటకు జంకుదురు, మనము దిగవచ్చునా?

వేమన స్థానబలిమిని చెప్పుటకు మొసలినే ఉదాహరణముగా గ్రహించుట ఊరక కాదు. దాని శరీర నిర్మాణమే అట్టిది. కన్నులు, నాసికారంధ్రములు తల పైభాగమున ఉన్నందున, దేహమంతయు నీటిలో మునిగియున్నను అది ఒడ్డును గమనించుచుండును. కదలక మెదలక పొంచియుండి, తోక బలముతో క్షణములో నీటి నుండి ఎగసి వచ్చును. రోజూ ఒకేచోట, ఒకే వేళకు ఎవరు నీటికి వచ్చుచున్నారో అది గుర్తింపగలదని నిపుణులు చెప్పుదురు. శీతల రక్తజీవి గనుక చలికాలపు పగటివేళ ఎండకై గట్టునకు చేరును. మనము విహారమునకు పోవు కాలమును, అది బయట కనిపించు కాలమును ఒకటే. వానల ముందు ఆడమొసలి ఆకులు, గడ్డి పోగుచేసి గూడు కట్టి, గుడ్లకు కాపలా కాయును. అందుచేత మే 1 నుండి జూలై 31 వరకు ఈ ఉద్యానమును సందర్శకులకు మూసివేయుచున్నారు.

కావున పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. నీటి అంచునకు పోరాదు. చేతులు, పళ్ళెములు నదిలో కడుగరాదు. మిగిలిన అన్నము, మాంసపు ఎముకలు నీటిలో వేసినచో, మొసలికి ఆ చోటు అలవాటగును. గట్టుపైనున్న మొసలికిని నీటికిని మధ్య నిలువరాదు; రాళ్ళు విసరరాదు. చీకటి పడిన పిమ్మట రేవు వైపు పోరాదు. పడవలో రక్షణ కవచము తప్పక ధరించి, చేతులు లోపలనే ఉంచుకొనవలెను. ఫోటోకై అందరును ఒకేవైపునకు చేరినచో పడవ ఒరుగును. భారకేంద్రము సంగతి మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచట త్రాచులు కూడ కలవు. రాత్రివేళ టార్చిలైటు, బూట్లు లేక నడువరాదు. పాము కరచినచో గట్టిగా కట్టుట, కోయుట తగదు. కరచిన అవయవమును కదల్పక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. తిరుగుదారిలో చాందీపూర్ చూడదలచినవారు మరియొకటి గుర్తుంచుకొనవలెను. అచట పోటు తగ్గినపుడు సముద్రము కిలోమీటర్ల దూరము వెనుకకు పోవును. తిరిగి వచ్చు వేళను స్థానికులనడిగి తెలిసికొనిన పిమ్మటనే లోపలికి నడువవలెను. ఒడ్డున పడిన జెల్లీచేప చచ్చినను కుట్టును. దానిని పిల్లలు తాకకుండ చూడవలెను.

2016 జూన్‌లో అమెరికా దేశపు ఫ్లోరిడాలో, డిస్నీ విహారకేంద్రపు కృత్రిమ సరస్సు ఒడ్డున రెండేళ్ళ బాలుని మొసలి జాతికి చెందిన ఎలిగేటరు లాగుకొనిపోయినది. అప్పటికి అచట ఈత నిషేధమను ఫలకములు ఉన్నవి గాని, వాటిలో ఎలిగేటరు ప్రసక్తి లేదు. పిమ్మట వాటి బొమ్మలతో హెచ్చరిక ఫలకములు వెలసినవి. ఒడ్డున అడ్డుకట్టయు కట్టినారు. ఈత కొట్టనివాడు ఆ నిషేధము తనకు కాదనుకొనుట సహజము. కారణము చెప్పిన హెచ్చరికకు విలువ ఎక్కువ. యంత్రముపై "తాకరాదు" అని వ్రాయుటకును, "విద్యుత్తు కలదు" అని వ్రాయుటకును గల భేదము మన కర్మాగారములలో పనిచేయువారందరికిని తెలిసినదే.

భితరకనికలోని ఫలకములు సాధారణముగా ఒడియా, ఆంగ్ల భాషలలో ఉండును. మన ఇండ్లలో తెలుగు మాత్రమే చదువగల నాయనమ్మలు, అమ్మమ్మలు, ఇంకను చదువు రాని పసివారు ఉన్నారు. కావున ప్రయాణమునకు ముందటి రాత్రియే కుటుంబమంతటిని కూర్చుండబెట్టి, నీటి అంచునకు ఎందుకు పోరాదో కారణముతో సహా చెప్పుట ఇంటి పెద్దల బాధ్యత.