మగ్గాల పేటలో వనముని

సూరత్ నగరంలో ఉధ్నా వైపు సాగే దారిలో ఖటోదరా ఉన్నది. పారిశ్రామిక వాడ అది. మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడిన చోటు. పొట్టకూటికై ఈ నగరానికి వలసవచ్చిన తెలుగువారిలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీల సంఖ్య పెద్దది. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పింది. ఇట్టి పేటలో, మగ్గానికి సెలవైన ఒక పూట, నలుగురు తెలుగు యువకులు బల్ల చుట్టూ చేరి పాత్రధారణ క్రీడకు పూనుకున్నారని ఊహించుకోవచ్చు. ఒకడు కథ నడిపేవాడు, ఒకడు యోధుడు, ఒకడు దొంగ. నాలుగవ వానికి డ్రూయిడ్ పాత్ర వచ్చింది. అడవిని కొలిచేవాడు, మృగాల భాష తెలిసినవాడు, కోరిన రూపం ధరించగలవాడు. తెలుగులో వనముని అనవచ్చు. నీడకు కూడా చెట్టును వెతుక్కోవలసిన వాడలో కూర్చుని ఆ పాత్రను ఎలా పోషించాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ క్రీడకు రంగస్థలం లేదు, ఆహార్యం లేదు. కథ నడిపేవాడు సన్నివేశాన్ని వర్ణిస్తాడు. ఆడేవాడు తన పాత్ర ఏమి చేస్తున్నదో నోటితో చెబుతాడు. ఫలితం సందేహమైన చోట 20 ముఖాల పాచిక దొర్లుతుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించగా 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా క్రీడలకు ఆద్యం. అందులో డ్రూయిడ్ 1975లో మొదట దారిలో ఎదురుపడే ప్రత్యర్థిగా కనిపించాడు. ఆ మరుసటి ఏడు గాని ఆడదగిన పాత్ర కాలేదు.

ప్రత్యర్థుల పట్టికలోనుంచి వచ్చినవాడన్న ఈ సంగతిని ఆడేవాడు మనసులో ఉంచుకోవడం మంచిది. చరిత్రలోని డ్రూయిడ్‌ల గతి కూడా ఇంచుమించు ఇంతే. ప్రాచీన గాల్ దేశంలోనూ బ్రిటన్‌లోనూ వారు పురోహితులు, న్యాయనిర్ణేతలు. శిష్యులు కొందరు 20 ఏళ్ళపాటు వల్లె వేసేవారనీ, విద్యను లిపిబద్ధం చేయడం నిషిద్ధమనీ చెప్పినవాడు వారి దేశాన్ని జయించిన జూలియస్ సీజర్. సింధూర వృక్షం మీది బదనికను తెల్లని వస్త్రం ధరించి బంగారు కొడవలితో కోసేవారన్నవాడు రోమన్ పండితుడు ప్లినీ. (బంగారు కొడవలి ఎంతవరకు తెగుతుందో ఆయన చెప్పలేదు.) క్రీ.శ. 60 ప్రాంతంలో మోనా ద్వీపం మీద పడిన రోమన్ సేన వారి పవిత్ర వనాలను నరికివేసిన వృత్తాంతాన్ని టాసిటస్ రాశాడు. డ్రూయిడ్‌లు స్వయంగా రాసిన ఒక్క వాక్యమూ మిగలలేదు. గెలిచినవారి నోట మాత్రమే మిగిలిన మనిషికి మళ్ళీ గొంతు ఇవ్వవలసిన పాత్ర ఇది. గడ్డం, కర్ర, గంభీరమైన ముఖం చాలుననుకుంటే పాత్ర మొదటి పూటకే అయిపోతుంది.

కొత్తగా ఆడేవారు సాధారణంగా శక్తుల పట్టిక ముందు పెట్టుకుంటారు: ఏ మంత్రం మెరుపు దింపుతుంది, ఏ రూపానికి కోరలు పెద్దవి అని. వనమునికి కావలసింది అంతకంటె ముందు ఒక చోటు. ‘అడవి’ అన్న సామాన్య నామాన్ని ఎవ్వరూ కాపాడలేరు. ఫలానా గుట్ట, ఫలానా వాగు అయితే కాపాడగలరు. ములుగు ప్రాంతపు మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే జాతరకు కోయ పూజారులు సమ్మక్కను తెచ్చేది చిలకలగుట్ట మీదనుంచే. విగ్రహం లేదు, కుంకుమ భరిణ ఉన్నది. కాని గుట్ట మారదు. పాత్రధారి కూడా అటువంటి గుట్టను ఒకదాన్ని ముందుగా కాగితం మీద రాసుకుంటే మిగిలిన లక్షణాలు వాటంతట అవే వస్తాయి.

ఖటోదరా యువకుడు ఆ చోటును దూరంగా వెతకనక్కరలేదు. సూరత్‌లో వాగులను ఖాడీలంటారు. పేటల మధ్యగా, మురుగును మోస్తూ సాగుతాయి. ఒక ఖాడీకి కావలిగా ఉన్న వనముని, పచ్చని కాల్పనిక వనంలో విహరించేవానికంటె బల్ల చుట్టూ ఉన్నవారికి దగ్గరివాడు. ఆ ఖాడీ గట్టున మొలిచేది ఏమిటి? గుజరాతీలు ‘గాండో బావళ్’ అనేది, అనగా పిచ్చితుమ్మ. తెలంగాణలో దానినే సర్కారు తుమ్మ అంటారు. అమెరికా ఖండాలనుంచి తెచ్చి నాటిన మొక్క అది. నీరున్నా లేకున్నా పెరిగి, స్థానికమైన చెట్లను తోసివేసి, ఇప్పుడు రెండు రాష్ట్రాల బీడులను ఆక్రమించింది. పేదవాని పొయ్యికి కట్టె, బొగ్గు బట్టీకి ఆధారం కూడా అదే. వనముని దాన్ని నరికిస్తాడా, కాపాడతాడా? అడవి ధర్మం నరకమంటుంది. అయితే పాత్రను ఆడుతున్నవాడు మరొక నేలనుంచి వచ్చి ఇక్కడ వేరూనినవారి మనుమడు. ఇట్టి ప్రశ్నకు నియమ గ్రంథంలో సమాధానం ఉండదు. కథ నడిపేవాడు తెలివైనవాడైతే దీన్ని రెండవ పూటకే ముందుకు తెస్తాడు.

చోటు తరువాత వ్రతం. 1978 నాటి నియమాలలో డ్రూయిడ్ లోహకవచం ధరించరాదు. 2014 నాటి ఐదవ కూర్పులోనూ ఆ నిషేధం నిలిచింది. వంకరకత్తి పట్టడానికి మాత్రం అడ్డు లేదు. ఒంటికి తగలరాని లోహం చేతికి ఎలా తగిలిందని అడిగితే, కొడవలిని పోలి ఉన్నందున అని సర్దిచెప్పుకోవాలి. ఏమైనా, ఈ నిషేధాన్ని ఆడేవారు చాలామంది లెక్కల చిక్కుగా భావించి విసుక్కుంటారు. నిజానికి పాత్ర ప్రాణం అక్కడే ఉన్నది. మంత్రాలు ఇతర పాత్రలకూ ఉంటాయి. వద్దని తాను మానుకున్నది తన ఒక్కడిదే. కాబట్టి ఖర్చయ్యే వ్రతాన్ని ఎన్నుకోవాలి.

లోహం మాట అటుంచి, మగ్గాల పేటలోని వనమునికి అంతకంటె సహజమైన వ్రతం ఒకటున్నది: నేలలో మొలవని దారాన్ని ఒంటికి తాకనివ్వకపోవడం. పద్మశాలీల కులపురాణంలో మార్కండేయుని యజ్ఞంనుంచి పుట్టిన భావనాఋషి విష్ణువు నాభికమలపు తూడునుంచి నూలు తీసి దేవతలకు వస్త్రం నేశాడు. పులిని ఎక్కి తిరిగాడు. కాలవాసురుణ్ణి చంపితే వాని నెత్తురు అద్దకపు రంగులయిందని చెబుతారు. ఈ కథను చేర్యాల పటం మీద బొమ్మలుగా చూపుతూ పాడేవారు కూనపులివారు. పద్మశాలీల వద్ద మాత్రమే యాచించే హక్కు గల కథకులు. తామరతూడు దారంతో మొదలైన వంశం సూరత్ చేరి నేస్తున్నది ఎక్కువగా పాలియెస్టరు. నేలలో మొలిచినది కాదు, భూగర్భంలోని చమురునుంచి తీసినది. దానిని తాకనని వ్రతం పట్టిన వనముని ఈ నగరంలో బట్ట కోసం ఎంత వెతకాలి! యోధుడు బహూకరించిన పట్టుకండువాను విప్పి చూసి తిరిగి ఇచ్చివేయవలసి వస్తుంది. మిత్రుడు నొచ్చుకుంటాడు. ఆ నొచ్చుకోవడంలోనే ఒక పూట ఆట నడుస్తుంది.

అయితే వ్రతం వేరు, ప్రవచనం వేరు. సహపాత్రలు కట్టె నరికిన ప్రతిసారీ ఉపన్యసించే వనముని కంటె దుర్భరమైన తోడు లేడు. ఉపన్యాసం అవతలివాని ముఖం చూడదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయంనుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధికభాగం మునిగిపోయింది. ‘నది తన నేలను తాను తీసుకున్నది’ అనడం వనమునికి నోటి చివరి మాట. మగ్గం నీట మునిగిన ఇంటినుంచి వచ్చిన వాడు బల్లకు అవతలి వైపు కూర్చుని ఉండగా ఆ మాటను పలకగలడా, పలికితే ఏ స్వరంలో పలుకుతాడు అన్నదే అభినయం. మౌనంగా ఉండి, వరదకు ముందు కట్టమీద చీమలు గుడ్లు మోసిన దిక్కును చూపించగల వనముని మేలు.

మృగభాష విషయంలో ఆంగ్ల గ్రంథాల కంటె పెద్దన ఎక్కువ సాయపడతాడు. ‘మనుచరిత్ర’లో స్వరోచికి విభావరి సమస్త ప్రాణుల భాష తెలుసుకునే విద్యను ఇస్తుంది. దానితో అతడు విన్నదేమిటి? నిధి జాడలు కావు, శత్రువుల ఆచూకీ కాదు. పక్షులూ జింకలూ తన భోగలాలసతను గురించి ఆడుకున్న మాటలు విన్నాడు, సిగ్గుపడ్డాడు. బల్లమీద ఈ విద్య సాధారణంగా గూఢచర్యానికి దిగజారుతుంది: ఉడుతను పిలిచి, లోపల కావలివారు ఎంతమంది అని అడగడం. ఉడుతకు అంకెలతో పనేమిటి? దానికి తెలిసినది వాసన, ఆకలి, గద్ద నీడ. కథ నడిపేవాడు జంతువు చేత జంతువు మాటలే పలికించాలి. అప్పుడప్పుడు, స్వరోచికి జరిగినట్లు, అడిగినవానికి నచ్చని మాట కూడా.

రూపం మార్చుకోవడం మరింత సున్నితమైన వ్యవహారం. 2014 నాటి నియమాలలో మృగరూపంలో దెబ్బతిని ప్రాణశక్తి సున్నకు చేరితే మనిషి రూపం తిరిగివస్తుంది. అదనపు దెబ్బ మాత్రమే అసలు దేహానికి తగులుతుంది. ఇది ఆటకు సౌకర్యం; కథకు నష్టం. ఆదిపర్వంలోని కిందమ ముని ఇంత అదృష్టవంతుడు కాడు. జింక రూపంలో భార్యతో క్రీడిస్తూ పాండురాజు బాణానికి గురయ్యాడు; చనిపోతూ రాజును శపించాడు, ఆ శాపమే భారతకథకు ఒక మూలమయింది. బాణానికి ముని ఎవరో మృగమెవరో తెలియదు. రూపం మార్చే ప్రతిసారీ పాత్రధారి ఆ పాటి భయాన్ని కొంచెమైనా పడితే, తోడేలు అయ్యాడన్న సంగతి బల్ల చుట్టూ ఉన్నవారికి నమ్మకంగా తోస్తుంది. తోడేలుగా ఉన్నంతసేపు మాట తగ్గించడం మరొక ఉపాయం. నాలుగు కాళ్ళమీద నిలబడి రాజకీయం చర్చించే పాత్రలను చూస్తే నవ్వు వస్తుంది.

భాషను గురించి ఒక హెచ్చరిక అవసరం. తెలుగునాట పగటివేషాలలో కోయదొర వేషం చిరపరిచితం: నెత్తిన ఈకలు, మెడలో పూసలు, మూలికల సంచి, వచ్చీరాని తెలుగు. వేషగాని నేర్పు మెచ్చదగినదే. ఊరిజనం నవ్విన నవ్వు మాత్రం కోయవారి ఖర్చుమీద నవ్వినది. వనముని అనగానే తెలుగు నోట ఆ వచ్చీరాని పలుకు తన్నుకు వస్తుంది. దాన్ని అణచుకోవాలి. అడవిలో పుట్టినవాడు తన భాషను నత్తిలేకుండానే మాట్లాడతాడు. తడబడేది అతని భాష రాని వినేవాడు. పల్లెటూరి పెద్దమనిషి పంచాయితీలో మాట్లాడే నిదానమైన తెలుగు ఈ పాత్రకు చక్కగా ఒదుగుతుంది. గాల్ దేశపు డ్రూయిడ్‌లు వ్యాజ్యాలు తీర్చినవారే కదా.

ఇక పులి సంగతి. ఖటోదరా యువకుడు ఏనాడో ఒకనాడు భావనాఋషిని తలచుకుని పులి రూపం కోరక మానడు. 2014 నాటి నియమం ఒకటి అడ్డు వస్తుంది: ఇదివరకు చూసిన మృగరూపాన్నే ధరించవచ్చు. సూరత్‌కు తూర్పున, కొండల్లోని డాంగ్ అడవులలో ఆదివాసులు దీపావళికి ముందు వాఘ్ బారస్ నాడు వాఘ్‌దేవుణ్ణి కొలుస్తారు. కొయ్యమీద, రాతిమీద పులిని, సూర్యచంద్రులను చెక్కి నిలుపుతారు. కొలుపు సాగుతున్నది గాని ఆ అడవులలో పులి గత శతాబ్ది చివరికే కనుమరుగయింది. సూరత్ సర్థాణా జంతుప్రదర్శనశాలలో పులిని కటకటాల వెనుక చూడవచ్చు. చేర్యాల పటం మీద ఎర్రని నేపథ్యంలో, ఋషి కాలి కింద మరొక పులి ఉన్నది. కొయ్య పులిని, బోను పులిని, పటం పులిని చూసినవాడు పులిని చూసినట్లేనా అన్నది కథ నడిపేవాడు తేల్చవలసిన వ్యాజ్యం. పాచిక వేయడానికి ముందే తేల్చాలి.