నల్లమెడ బెగ్గురుల లోయలో

గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువారికి వలసపక్షులు క్రొత్త కాదు. ధనుర్మాసం వచ్చేసరికి చిలకా సరస్సు మీద ఉత్తరదేశపు బాతులు వేలకు వేలుగా వాలి ఉంటాయని మా బరంపురంలో చిన్నపిల్లలకు కూడా తెలుసును. అటువంటి మేము ఒక పక్షిని చూడటానికి పనిగట్టుకొని భూటాను దేశం దాకా వెళ్ళామంటే బంధువులలో నవ్వనివారు లేరు. “ఇంటి ముందర తీర్థాన్ని పెట్టుకొని కాశీకి పోయినట్టున్నది మీ సంగతి” అని మా మేనత్తగారు తేల్చివేసినారు.

మేము వెళ్ళినది నలుగురం. మేమిద్దరం, మా అక్కయ్య, బావగారు. బావగారు లెక్కల మనిషి. ప్రయాణానికి వారం రోజుల ముందే మా ఇంట్లో ఒక చర్చ నడిచింది. రంభకు చేరువలో మా తాతగారి నాటి మాగాణి రెండెకరాలు, దాన్ని ఆనుకొని ఒక కుంట ఉన్నవి. కుంటను కప్పించి, మొత్తం ఇళ్ళస్థలాలుగా కొట్టి అమ్మిపెడతానని ఒక మధ్యవర్తి వచ్చినాడు. వాటాదారులం నలుగురమూ సంతకాలు చేయవలె. బావగారు సరే అన్నారు. అక్కయ్య ఏమీ అనలేదు. మాకు మాత్రం మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో చెప్పడానికి మాటలూ దొరకలేదు. “తిరిగి వచ్చాక చూద్దాం లెండి” అని కాగితాలు బీరువాలో పెట్టి, కార్తికమాసంలో రైలెక్కినాము.

న్యూజల్పాయిగురిలో దిగి, తేయాకు తోటల నడుమ నుంచి జయగావ్ చేరి, అక్కడ ఒక రంగుల ద్వారం దాటితే ఫుంట్‌షోలింగ్. అదే భూటాను. గుర్తింపు కార్డులు చూపి అనుమతి పొందినాము. మన దేశస్థులు తలకు రోజుకు 1,200 రూపాయలు రుసుము చెల్లించవలె. బావగారు నలుగురికీ, అన్ని రోజులకూ లెక్క కట్టి ఒక్క నిట్టూర్పు విడిచినారు. ఆ దేశపు నాణెం పేరు ఙుల్‌ట్రమ్. విలువ మన రూపాయితో సమానం.

కొండదారి ఎక్కుతుంటే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. 1958లో నెహ్రూగారు భూటానుకు వచ్చినప్పుడు ఈ రోడ్డు లేదు. సిక్కిం నుండి నాథూ లా కనుమ దాటి, టిబెట్టులోని చుంబీ లోయ గుండా, గుర్రాల మీదా జడలబర్రెల మీదా పారో చేరుకున్నారు. తరువాత 1960ల దశకంలో మన సరిహద్దు రహదారుల సంస్థ వారు ఈ బాట వేసినారు. నెహ్రూగారికి రోజులు పట్టిన దేశానికి మేము పూటలో వెళ్తున్నాము. అయినా అక్కయ్యకు వాంతులు తప్పలేదు.

దేశం చిన్నది. వైశాల్యం సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన కేరళ రాష్ట్రమంత. జనాభా ఎనిమిది లక్షలకు లోపే. ఫుంట్‌షోలింగ్ వెయ్యి అడుగుల ఎత్తు కూడా లేదు. థింఫూ దాటిన తరువాత వచ్చే దోచులా కనుమ పదివేల అడుగులకు పైన. కనుక ఒక్క ప్రయాణంలోనే అడవి ఎన్ని వేషాలు మార్చగలదో చూడవచ్చును. క్రింద సాలవృక్షాలు, పైకి పోయినకొద్దీ సింధూరవృక్షాలు, దేవదారులు, పూలకాలం కాని కాలంలో పచ్చగా నిల్చున్న రోడోడెండ్రాన్లు. మ్రానుల కొమ్మల నుండి నెరసిన గడ్డాల వలె నాచు వ్రేలాడుతున్నది. దోచులాలో నూటయెనిమిది స్తూపాలున్నవి. మబ్బు వాటి నడుమ తిరుగుతూ ఒకదాన్ని చూపి ఒకదాన్ని దాస్తున్నది.

మాకు దారి చూపిన యువకుడు హిందీ చక్కగా మాట్లాడతాడు. దేశంలో ఎప్పటికీ నూటికి అరవై వంతులకు తక్కువ కాకుండా అడవి ఉండవలెనని 2008 నాటి వారి రాజ్యాంగంలోనే వ్రాసుకున్నారని చెప్పినాడు. ఇప్పుడున్నది దాదాపు డెబ్బై వంతులు. దేశంలో సగానికి పైగా భూమి అభయారణ్యాలుగానూ, వాటిని కలిపే జంతువుల బాటలుగానూ రక్షణలో ఉన్నది. ఇది భక్తి మాత్రమే కాదు, ఇంటి లెక్క కూడాను. కొండమీది అడవి వాన నీటిని పట్టి మెల్లగా వదులుతుంది. ఆ ఏళ్ళ మీదనే వారి జలవిద్యుత్తు. మన దేశపు సహాయంతో కట్టిన చూఖా కేంద్రం ఒక్కటే 336 మెగావాట్లది. అక్కడ పుట్టిన కరెంటు మనమూ కొనుక్కుంటున్నాము. అడవిని నరికితే మన్ను జారి నదిలో పడుతుంది. మన్ను నిండిన నది కరెంటు నివ్వదు. ఈ మాట విన్నప్పుడు మాత్రం బావగారు తల ఊపినారు.

వాంగ్దూ దాటి, ఒక కనుమ ఎక్కి దిగేసరికి అడవి హఠాత్తుగా విడిపోయింది. ఎదురుగా ఫోబ్జిఖా లోయ. సుమారు 9,500 అడుగుల ఎత్తున, చుట్టూ కొండలు, నడుమ పళ్ళెం వంటి చిత్తడి బయలు. పొట్టి వెదురు, గడ్డి, మెలికలు తిరిగే సన్నని ఏరు. ఒక గుట్ట మీద పదిహేడవ శతాబ్దపు గాంగ్‌తెంగ్ మఠం. ఎంత వెదకినా కరెంటు స్తంభాలు కనబడవు. ఇళ్ళలో దీపాలున్నవి! ఎగిరే పక్షులు తీగలకు తగిలి చావకుండా, ఆస్ట్రియా దేశపు సహాయంతో తీగలన్నీ భూమిలో పాతి తెచ్చినారట. పక్షి కోసం తీగలను పాతిపెట్టిన ఊరిని మేము ఇంతకు ముందు చూడలేదు.

మరునాడు తెల్లవారుజామున మంచులో నిలబడి ఆ పక్షిని చూచాము. నల్లమెడ బెగ్గురు. నాలుగున్నర అడుగుల ఎత్తు. బూడిదతెలుపు ఒళ్ళు, నల్లని మెడ, నడినెత్తిన కుంకుమబొట్టు. రాత్రి లోతులేని నీటిలో నిలబడే నిద్రపోతుంది. నక్క వచ్చినా నీళ్ళ చప్పుడు పట్టిస్తుందన్నమాట. ప్రొద్దెక్కాక బయళ్ళలోకి వెళ్ళి దుంపలు, వేళ్ళు, రాలిన గింజలు, పురుగులు ఏరుకుంటుంది. వేసవిలో టిబెట్టు పీఠభూమి మీద పిల్లలను పెట్టి, అక్టోబరు చివర దక్షిణానికి వచ్చి, ఫిబ్రవరి మార్చి నెలల్లో తిరిగిపోతుంది. ఆదికవి శోకాన్ని శ్లోకం చేసిన క్రౌంచం సారసపక్షియేనని కొందరు పండితుల అభిప్రాయం. ఇది దాని జ్ఞాతి. జంట జంటగానే తిరుగుతున్నవి. నడుమ ఒక గోధుమరంగు పిల్ల.

వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఈ పక్షులు మఠం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేస్తాయని అక్కడివారి నమ్మకం. ఆ మధ్యాహ్నం క్రొత్తగా వచ్చిన గుంపొకటి ఆకాశంలో తిరిగింది. బావగారు వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి, “రెండున్నర” అన్నారు. దారిచూపరి నవ్వి, “మిగిలిన సగం మీకు కొండ అడ్డం వచ్చింది” అన్నాడు.

మేము దిగినది ఒక రైతు ఇంట. ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. ఆ ప్రాంతంలో భూమి తరచుగా ఆడపిల్లలకే వస్తుంది. ఇనుప పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి, మిరపకాయలూ జున్నూ కలిపి వండిన ఏమదత్సీ వడ్డించింది. అక్కడ మిరపకాయ వేసి కూర చేయరు, మిరపకాయనే కూర చేస్తారు. ఆంధ్రులమని గొప్పలు పోయిన మాకు కళ్ళ నీళ్ళు తిరిగినవి.

ఆవిడ పంట బంగాళాదుంప. ఫుంట్‌షోలింగులో వేలం వేస్తే మన వర్తకులు కొనుక్కుపోతారు. బావగారు కిటికీలో నుంచి బయలు చూచి, ఉండబట్టలేక అడిగినారు. “అమ్మా! ఈ బురదలో కాలువ తీసి నీరు పోగొడితే ఇంకెంత దుంప పండేది?”

దారిచూపరి తర్జుమా చేయగా ఆవిడ కాసేపు పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. పిమ్మట చెప్పిన మాటలు ఇవి: “మా వయసులో ఆ మాట మేమూ అనుకున్నాము. కాని ఎండిపోతే చలికాలం పశువులను ఎక్కడ మేపను? వెదురును పశువులు కొరికితేనే పక్షికి దిగడానికి చోటు. పక్షి దిగితేనే మీరు మా ఇంటికి రావడం. అన్నీ ఒకదాని కొకటి ముడి. కాని అయ్యా, పక్షి వచ్చిందని అందరూ పొగుడుతారు. అడవి పెరిగితే పందులూ పెరుగుతాయి. రాత్రంతా గుడిసెలో కూర్చొని డబ్బా వాయించేది నేను. ఆ దుంపల లెక్క ఎవరూ వ్రాయరు.”

మేము మారు పలకలేదు. గోడ మీది ఫోటోలో ఒక యువకుడున్నాడు. కొడుకట, ఆస్ట్రేలియాలో ఉన్నాడట. ఆ దేశపు యువకులు ఈ నడుమ చాలామంది అక్కడికే పోతున్నారు. “పక్షులు ఏటేటా వస్తున్నవి. వీడు పోయి మూడేళ్ళయింది” అన్నది. అక్కయ్య ఆవిడ చేయి పట్టుకొన్నది. మా అక్కయ్య కొడుకు ఉన్నది డల్లాసులో. ఆ క్షణాన తర్జుమా అవసరం లేకపోయింది.

నవంబరు 11న మఠం ముంగిట బెగ్గురుల ఉత్సవం. 1998 నుండి ఏటేటా జరుగుతున్నది. బడిపిల్లలు తెల్లరెక్కలు, నల్లమెడలు కట్టుకొని పక్షుల వలె గంతులు వేసినారు. ఇది జరిపేది 1987లో ఏర్పడిన రాజకీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారు. ‘రాజకీయ’ మనగా ఇక్కడ రాజుగారిదని అర్థం. ఈ బయలును 2016లో రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేర్చినారు. మన చిలకా ఆ జాబితాలోకి 1981లోనే ఎక్కింది. పూడిక పడి, సముద్రపు నోరు మూసుకుపోయి, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో పడింది. 2000లో క్రొత్త నోరు తవ్విన పిమ్మట ఉప్పునీరు, చేప తిరిగి వచ్చి, 2002లో ఆ పట్టిక నుండి బయటపడింది. ఇదంతా మా ఊరికి కూతవేటు దూరంలో జరిగింది. దాన్ని తలచుకోవడానికి మేము హిమాలయాల దాకా రావలసివచ్చింది! మేనత్తగారు అన్నది నిజమే.

తిరుగుప్రయాణంలో రైలు రంభ దగ్గర సరస్సు ప్రక్కన పోతూ ఉండగా బావగారు కిటికీ వద్ద కూర్చున్నారు. చాలాసేపటికి, “వానాకాలం మన కుంట నిండితే నీరు ఎటు పోతుంది?” అని అడిగినారు. దిగువ జాలరులు, రైతుల పొలాల నుండి చివరకు చిలకాలోకే పోతుందని మా చిన్నతనంలో తాతగారు చెప్పిన మాట చెప్పాము. “కప్పితే?” అన్నారు. “ఇళ్ళలోకి” అన్నది అక్కయ్య.

ఇంటికి వచ్చి కాగితాలు బయటికి తీసినాము. మాగాణి సంగతి ఎట్లా ఉన్నా కుంట వరకు విడిచిపెట్టవలెనని మూడు సంతకాలు పడినవి. మూడవది బావగారి బలవంతం మీద అక్కయ్య చేసినది! నాలుగవ వాటాదారుడు మా తమ్ముడు. వాడికి కూతురి పెళ్ళి ఉన్నది, డబ్బు అవసరం. వాడిని తప్పు పట్టలేము. పంది తిన్న దుంపల లెక్క అడిగిన పెద్దావిడ మాట మరచిపోలేము. కుంటను కాపాడి తమ్ముణ్ణి ముంచితే అది న్యాయం కాదు గనుక, వాడి భాగం విలువ మేము ముగ్గురం కలిసి ఇవ్వగలమా అని ఇప్పుడు లెక్క వేస్తున్నాము. లెక్క వేసేది బావగారే.

ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి ఫోబ్జిఖాలో పక్షులు తిరుగుప్రయాణానికి సిద్ధమవుతూ ఉంటాయి. మన పాఠకులలో ఎందరి పిత్రార్జితంలో ఏ చెరువు మూలో, ఏ కుంటగట్టో వాటాగా ఉన్నదో మేమెరుగము. సంతకం పెట్టేముందు ఒక్క వానాకాలం ఆ గట్టున నిలబడి, నీరు ఎటు పోతున్నదో చూడవలసినదని మాత్రం మా మనవి.